చందాల మాస్టారు

మా తాతయ్య బడిపంతులు. గుంటూరు జిల్లా ఫిరంగిపురం దగ్గర మా పల్లెలో, మిషన్ బడిలో 34 ఏళ్ళు పని చేశాడు. కానీ మా ఊరొచ్చి ఆయన పేరు చెప్పి ఇల్లెక్కడ అని అడిగితే ఎవరికీ వెంటనే తట్టదు. "చందాల మాస్టారు" అనాలి. అప్పుడు చిన్నపిల్లలు కూడా మీ బండి ముందు పరిగెత్తి ఇల్లు చూపిస్తారు. ఆ పేరు పొగడ్తో వెక్కిరింతో మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. నాన్నకి అది వెక్కిరింత. నాయనమ్మకి తలనొప్పి. తాతయ్యకి మాత్రం అది డిగ్రీ లాంటిది.

పోయినేడాది ఆగస్టులో తాతయ్య పోయాడు. 81 ఏళ్ళు. పెద్దకర్మలాంటివి మాకు ఉండవు కానీ నలభయ్యో రోజు పూజ పెట్టించి, ఊరివాళ్ళకి భోజనాలు పెట్టారు. ఆ సాయంత్రం బాబాయి తాతయ్య ట్రంకుపెట్టె తెరిచి, "ఎవరికేం కావాలో తీసుకోండి" అన్నాడు. అత్త జపమాల తీసుకుంది. నాన్న కళ్ళజోడు తీసుకున్నాడు. నేను చందా పుస్తకాలు తీసుకున్నాను. అందరూ నా వైపు వింతగా చూశారు. ఎందుకంటే ఆ పుస్తకాలంటే ఒకప్పుడు అందరికంటే ఎక్కువ సిగ్గుపడ్డది నేనే.

ఆ సిగ్గు గురించీ, అది ఎలా పోయిందో దాని గురించీ రాద్దామని ఇది మొదలుపెట్టాను. మన కాలేజీలో జరిగిన ఒక సంగతి కూడా ఇందులో ఉంది. మీలో కొంతమందికి గుర్తుండే ఉంటుంది.

ముందు తాతయ్య ఇంట్లో ఎలా ఉండేవాడో చెప్పాలి. బయట ఎంత తిరిగినా సాయంత్రం ఏడింటికి ఇంట్లో ఉండాల్సిందే. ఏడింటికి జపమాల. కరెంటు ఉన్నా లేకపోయినా, చుట్టాలొచ్చినా, క్రికెట్ మ్యాచ్ ఆఖరి ఓవరైనా సరే. చాప పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, మంగళవార్త జపం యాభైసార్లు. మూడో గుర్తుకొచ్చేసరికి పిల్లలందరం తూగేవాళ్ళం. తాతయ్య జపం ఆపకుండానే ఒక చేత్తో మా వీపు నిమిరేవాడు. అది లేపడానికో జోకొట్టడానికో తెలిసేది కాదు.

నాయనమ్మకి ఉబ్బసం. చలికాలం రాత్రుళ్ళు ఆవిడ ఊపిరందక లేచి కూర్చుంటే, తాతయ్య కూడా లేచి నీళ్ళు కాచి ఇచ్చి పక్కనే కూర్చునేవాడు. ఏమీ మాట్లాడేవాడు కాదు. తెల్లవారిందాకా అలా ఇద్దరూ గోడకానుకుని కూర్చునుండటం నేను చాలాసార్లు చూశాను. పొద్దున్నే ఎప్పట్లాగే బడికి వెళ్ళేవాడు. ముగ్గురు పిల్లల్నీ చదివించాడు, పెళ్ళిళ్ళు చేశాడు, ఇల్లు మాత్రం రేకులదే మిగిలింది. "ఊరందరికీ అడుగుతాడు, మనకి తప్ప" అని నాయనమ్మ దెప్పేది. అందులో కోపం ఎంతో, గర్వం ఎంతో ఆవిడకే తెలియాలి.

మా ఇంట్లో గోడ మీద మూడు పటాలుండేవి. యేసు తిరుహృదయం, గుణదల మాత, వాటి కింద నల్లకోటు వేసుకుని పల్చటి గడ్డంతో ఉన్న ఒక ఫ్రెంచాయన. చిన్నప్పుడు ఆయన్ని మా ముత్తాతేమో అనుకునేవాణ్ణి. కోటెందుకేసుకున్నాడని అడిగితే తాతయ్య పడీపడీ నవ్వి, "వీడు నీలాంటి కుర్రాడేరా, కాలేజీలో ఉండగా మొదలుపెట్టాడు" అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు.

ఆయన పేరు ఫ్రెడరిక్ ఓజానాం. 1813లో పుట్టాడు. లా చదవడానికి పారిస్ వచ్చాడు. 1832లో పారిస్‌లో కలరా వచ్చి జనం పిట్టల్లా రాలిపోయారు. ఓజానాం, అతని స్నేహితులు అప్పట్లో వారం వారం చేరి చర్చలు పెట్టుకునేవాళ్ళు, మన లిటరరీ క్లబ్ లాగానే. అక్కడ మతం గొప్పతనం గురించి వీళ్ళు ఉపన్యాసాలిస్తుంటే, అవతలి పక్షం వాడు ఒక ప్రశ్న వేశాడట. ఒకప్పుడు మీవాళ్ళు చేసింది సరే, ఇప్పుడు మీరేం చేస్తున్నారు అని. ఆ ప్రశ్నకి వీళ్ళ దగ్గర జవాబు లేదు. 1833 ఏప్రిల్ 23న, సరిగ్గా తన ఇరవయ్యో పుట్టినరోజున, ఓజానాం మరో ఆరుగురితో కలిసి మొదటి మీటింగ్ పెట్టాడు. ఆ ఏడుగురిలో బాయీ అనే పత్రికాయన ఒక్కడే పెద్దవాడు, మిగతా అందరూ స్టూడెంట్లే. పేదల ఇళ్ళకి ఎలా వెళ్ళాలో, ఎలా మాట్లాడాలో వాళ్ళకి నేర్పింది రోజలీ రాండూ అనే ఒక సిస్టర్. అదే తర్వాత విన్సెంట్ డి పాల్ సభ అయింది. మా వైపు అందరూ ఎస్‌వీపీ అంటారు. తాతయ్య అందులో కోశాధికారి. ఎన్నాళ్ళంటే, మా నాన్న పుట్టకముందు నుంచి.

ఓజానాం తర్వాత సోర్బాన్‌లో సాహిత్యం ప్రొఫెసరయ్యాడు. పెళ్ళి చేసుకున్నాడు, ఒక కూతురు. పెళ్ళయింది జూన్ 23న కాబట్టి ప్రతి నెలా 23వ తేదీన భార్యకి పూలు తెచ్చిచ్చేవాడట. 40 ఏళ్ళకే, 1853లో చనిపోయాడు. 1997లో పోప్ జాన్ పాల్ పారిస్ వచ్చి ఆయన్ని ధన్యుడిగా ప్రకటించాడు. ఆ వార్త వచ్చినరోజు తాతయ్య ఊరంతా బెల్లం పంచాడని నాన్న చెప్తాడు. పూల సంగతి నేను చదివి నాయనమ్మకి చెప్తే, "మీ తాత కూడా శనివారం శనివారం కనకాంబరాలు తెచ్చేవాడు. ఆ డబ్బులు కూడా చందా పుస్తకంలో రాసుకుని ఉంటాడు చూడు" అంది. లేదు. నేను చూశాను.

ఇక చందాల సంగతి.

తాతయ్య డబ్బు అడిగే పద్ధతికి ఒక క్యాలెండరుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి బస్తాలు గుంటూరు యార్డుకి వెళ్తాయి, రైతు చేతిలో నాలుగు డబ్బులాడతాయి. అప్పుడు రైతుల దగ్గరికి. నెల మొదటి వారంలో ఉద్యోగస్తుల దగ్గరికి. క్రిస్మస్ ముందు షాపులవాళ్ళ దగ్గరికి. జూన్ నెలలో మాత్రం ఎవరి గుమ్మమూ ఎక్కడు. విత్తనాలు, ఎరువులు, పిల్లల ఫీజులు అన్నీ అప్పుడే. "జూన్‌లో అడిగితే లేదని చెప్పినోడికి సిగ్గు, చెప్పించినందుకు మనకి పాపం" అనేవాడు.

ఒక్క రూపాయి ఇచ్చినా రసీదు రాసేవాడు. ఇవ్వనివాళ్ళ పేరు ఎక్కడా రాసేవాడు కాదు, ఇంట్లో కూడా ఎత్తేవాడు కాదు. ఒకసారి లేదన్న ఇంటికి ఆ ఏడాది మళ్ళీ వెళ్ళేవాడు కాదు, కానీ వీధిలో కనపడితే వాళ్ళకంటే ముందు తనే పలకరించేవాడు. తపస్సు కాలం నలభై రోజులూ మా ఇంట్లో మాంసం వండేవాళ్ళు కాదు, ఆ డబ్బు లెక్కకట్టి మట్టి ముంతలో వేసేవాళ్ళం. పాస్క పండగ ముందురోజు దాన్ని పగలగొట్టడం మా పిల్లలకి దీపావళి కంటే ఎక్కువ. అందులో నాది అని నేను ఏడేళ్ళప్పుడు వేసిన రెండు రూపాయలకి కూడా రసీదు ఇచ్చాడు. "శ్రీ" అని పెట్టి నా పూర్తి పేరు రాశాడు.

అన్ని ఇళ్ళూ ఒకేలా ఉండవు కదా. మాది పల్లె. పల్లె అంటే తెలిసినవాళ్ళకి తెలుస్తుంది, ఊరికి అవతల ఉండేది. కతోలికుల్లోనే పెద్ద కులాలవాళ్ళూ ఉన్నారు, మేమూ ఉన్నాం. గుళ్ళో పూజ ఒకటే, సత్ప్రసాదం ఒకటే. గుడి బయటికొస్తే మాత్రం ఎవరి వీధి వాళ్ళది. నాన్న చిన్నతనంలో కొన్ని ఇళ్ళకి తాతయ్య చందాకి వెళ్తే, అరుగు కింద నిలబడే అడగాల్సి వచ్చేదట. బడిలో ఆ ఇంటి పిల్లలకి పాఠం చెప్పేది ఆయనే. నాన్న ఒకసారి వెంట వెళ్ళి అది చూసి, ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడట. "ఎందుకెళ్తావ్ అక్కడికి?" అని అడిగితే తాతయ్య, "నాకోసమైతే ఆ గుమ్మం తొక్కేవాణ్ణి కాదురా" అన్నాడట. నాన్నకి ఆ జవాబు అప్పుడూ సరిపోలేదు, ఇప్పుడూ సరిపోదు. నాకు మాత్రం ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా, తనకోసం అడగలేని మనిషి ఇంకొకళ్ళకోసం ఎంత దూరం వెళ్ళాడో కదా అనిపిస్తుంది.

అడిగినచోటల్లా జనం ఒకటే ప్రశ్న వేసేవాళ్ళు. "ఎవరికి మాస్టారూ?"

తాతయ్య ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేవాడు. "ఒక ఇంటికి."

అంతకు మించి ఒక్క ముక్క బయటికొచ్చేది కాదు. ఏ వీధో చెప్పడు, జబ్బో చదువో చెప్పడు. ఇది తెలిసే కొంతమంది, "మాస్టారు తనే తింటున్నాడేమో" అని కూడా అన్నారు. ఆ మాట నాయనమ్మ చెవిన పడి రెండురోజులు ఏడ్చింది. తాతయ్య ఆ నెల లెక్కంతా పెద్ద అక్షరాలతో రాసి గుడి గోడకి అంటించాడు. ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది. కానీ ఎవరికి అన్నచోట మళ్ళీ అదే, ఒక ఇంటికి. పేరు చెప్పుంటే నిందపోయేది. చెప్పలేదు.

ఎస్‌వీపీ మీటింగ్ చివర ఒక గుడ్డసంచి తిప్పుతారు. ప్రతి ఒక్కరూ పిడికిలి లోపలికి పెట్టి ఖాళీ చెయ్యి బయటికి తియ్యాలి. ఎవరు ఎంత వేశారో, అసలు వేశారో లేదో పక్కవాడికి తెలియదు. దాన్ని రహస్య సంచి అంటారు. చిన్నప్పుడు నేను వెళ్ళి ఉత్త పిడికిలి పెట్టి తీసి నవ్వాను. తాతయ్య తిట్టలేదు. "అందుకేరా పిడికిలి. ఈ వారం లేనోడు కూడా అందరిలాగే కూర్చోవాలి" అన్నాడు.

ఇప్పుడు నా సిగ్గు దగ్గరికొస్తాను. ఇంటర్ విజయవాడలో హాస్టల్లో ఉండి చదివాను. ఫిబ్రవరి 11న గుణదల మాత ఉత్సవం. లూర్దులో 1858లో మరియమాత బెర్నదెత్తకి మొదటిసారి కనపడింది ఆ తేదీనే. తాతయ్య ప్రతి ఏడాదీ గుణదల వచ్చేవాడు. కొండెక్కి, గుండు చేయించుకుని, కొబ్బరికాయ కొట్టి వెళ్ళేవాడు. నేను సెకండ్ ఇయర్‌లో ఉన్న ఏడాది అటునుంచి అటే మా హాస్టల్‌కి వచ్చాడు. కొత్త గుండు, మట్టికొట్టుకుపోయిన పంచె, చంకలో గుడ్డసంచి, చేతిలో కొబ్బరిచిప్ప. అంతవరకూ పర్వాలేదు. నేను గేటు దగ్గరికొచ్చేసరికి మా వాచ్‌మన్‌తో మాట్లాడుతూ రసీదు పుస్తకం తీసి రాస్తున్నాడు. వాచ్‌మన్ పది రూపాయలిచ్చాడు. నా వెనక నా రూమ్మేట్లు ముగ్గురున్నారు. ఒకడు మెల్లగా, "ఎవర్రా, మీ ఊరి పూజారా?" అన్నాడు.

నేను "మా ఊరాయన" అన్నాను.

తాతయ్యకి వినపడిందో లేదో తెలియదు. కొబ్బరిచిప్ప నా చేతిలో పెట్టి, నా వైపు చూసి నవ్వి, "నీ వంతు ఎంత రాయమంటావ్?" అన్నాడు. త్వరగా పంపించెయ్యాలని, "యాభై రాసుకో, తర్వాతిస్తా" అన్నాను. ఆయన రాసుకున్నాడు. ఎండలో నడుచుకుంటూ బస్టాండ్ వైపు వెళ్ళిపోయాడు. ఆ కొబ్బరి రూమ్మేట్లే తిన్నారు. నేను తినలేకపోయాను.

ఇంజినీరింగ్ సెకండ్ ఇయర్‌లో ఉండగా మా క్లాస్‌మేట్ ఒకడి ఇంట్లో పెద్ద కష్టం వచ్చింది. వాడి పేరు రాయను. వాళ్ళ అమ్మకి ఆపరేషన్, అర్జెంటుగా డబ్బు కావాలి. ఈ విషయం వాడు నాతో ఒక్కడితోనే చెప్పాడు, రాత్రి టెర్రస్ మీద. నేను ఆ రాత్రే పని మొదలుపెట్టాను. నాకు కాన్వా బాగా వచ్చు. ఆసుపత్రి మంచం మీద ఉన్న వాళ్ళ అమ్మ ఫోటో, పక్కన వీడి ఫోటో, కింద క్యూఆర్ కోడ్, పైన ఎర్ర అక్షరాలతో "మన మిత్రుణ్ణి ఆదుకుందాం". ఆ ఫోటో వాడు నాకు బాధతో చూపిస్తే నేను ఫార్వర్డ్ చేసుకున్నది. వాణ్ణి అడగలేదు. సర్‌ప్రైజ్‌గా ఉంటుందనుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే చెయ్యి వణుకుతోంది.

పొద్దున్నకల్లా అన్ని బ్రాంచీల గ్రూపుల్లోకీ వెళ్ళింది. రెండు రోజుల్లో 38,450 రూపాయలు. చాలామంది నన్ను మెచ్చుకున్నారు. సీనియర్లు స్టేటస్‌లు పెట్టారు. నాలో తాతయ్య రక్తం ఉందని మొదటిసారి గర్వంగా అనిపించింది.

మూడోరోజు నుంచి వాడు మెస్‌కి రావడం మానేశాడు.

ఆ రాత్రి తాతయ్యకి ఫోన్ చేశాను. నిజం చెప్పాలంటే మెచ్చుకుంటాడని చేశాను. మొత్తం చెప్పాను. మామూలుగా చందా అనగానే ఆయన మొదటి ప్రశ్న "ఎంతొచ్చింది?" అని. ఈసారి అది అడగలేదు.

"ఫోటో పెట్టావా?" అన్నాడు.

"పెట్టాను తాతయ్యా. అందుకే అంత వచ్చింది."

చాలాసేపు మాట్లాడలేదు. లైన్ కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత అడిగాడు. "ఆ అబ్బాయి అన్నం తిన్నాడా?"

నేను జవాబు చెప్పలేదు.

"అడగడం పెద్ద పనేం కాదురా నాన్నా. నోరుంటే అడగొచ్చు. ఇచ్చినోడు ఇచ్చి మర్చిపోతాడు. తీసుకున్నోడు రేపు ఆ వీధిలోనే నడవాలి గదా. వాడి తల కిందికి దిగకుండా ఇవ్వాల. అదే మన పని. మిగతాది రసీదు పుస్తకం కూడా చేస్తది."

అంతే. కోప్పడలేదు. పడుకోబోయేముందు వాడికోసం ఒక జపమాల చెప్పుకోమన్నాడు. నాకు రాలేదు ఆ రాత్రి. పోస్టర్ డిలీట్ చేస్తూ కూర్చున్నాను. ఎన్ని గ్రూపుల్లో డిలీట్ చేస్తాం? నేను పంపినవి పోయాయి, మిగతావాళ్ళు పంపినవి అలాగే ఉన్నాయి.

మర్నాడు వాడి గదికి వెళ్ళి సారీ చెప్పాను. వాడు అన్న మాట రాస్తున్నాను. "డబ్బులు అవసరమేరా, కాదనట్లేదు. నీ మీద కోపం కూడా లేదు. కానీ ఇప్పుడు నేను క్యాంటీన్లో ఒక సమోసా కొనుక్కున్నా అందరూ లెక్క చూస్తున్నట్టుంటది." నేను తలదించుకుని నిలబడ్డాను. తాతయ్య వెళ్ళిన ఆ అరుగులు, ఆయన మీద పడ్డ ఆ నింద, గుడి గోడ మీది లెక్క, ఒక ఇంటికి అనే ఆ మొండి జవాబు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఇరవయ్యేళ్ళు ఆ ఇంట్లో పెరిగి నాకు రసీదు పుస్తకమే కనపడింది. ఆ పుస్తకం ఏం దాస్తోందో కనపడలేదు.

వాళ్ళ అమ్మగారు ఇప్పుడు బాగున్నారు. వాడు మళ్ళీ మాతో తింటున్నాడు. ఈ వ్యాసం పంపేముందు వాడికి చూపించాను. రెండు చోట్ల కొట్టేశాడు, మిగతాది ఉంచమన్నాడు.

ఆ సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు తాతయ్యతో కలిసి మొదటిసారి ఇళ్ళకి వెళ్ళాను. ఎస్‌వీపీలో ఇద్దరిద్దరుగా వెళ్తారు. ఆయనకి మోకాళ్ళ నొప్పి, నా భుజం పట్టుకుని నడిచాడు. వెళ్ళిన ఇంట్లో బియ్యం గురించి ఒక్క మాట ఎత్తలేదు. వాళ్ళ గేదె ఎప్పుడు ఈనుతుంది, పిల్లకి లెక్కలు ఎట్టా వస్తున్నాయి, పక్కింటి పెళ్ళికి వెళ్ళారా, ఇవే. ఆ ఇంటావిడ మజ్జిగ ఇచ్చింది. తాతయ్య రెండో గ్లాసు అడిగి మరీ తాగాడు. బయటికొచ్చాక, "నీకు షుగరు, డాక్టర్ మజ్జిగ పల్చగా తాగమన్నాడు గదా, రెండు గ్లాసులెందుకు?" అన్నాను. "మనం కూడా వాళ్ళ దగ్గర ఏదో ఒకటి అడిగి తీసుకోవాలిరా. లేకపోతే లెక్క సరిపోదు" అన్నాడు.

ఇంతకంటే గొప్ప అకౌంటింగ్ నేను ఏ ఎలెక్టివ్‌లోనూ చదవలేదు.

ఆగస్టులో ఆయన పోయినప్పుడు వాన. అయినా సమాధుల దొడ్డి నిండిపోయింది. మా చుట్టాలు కానివాళ్ళు, మా విచారణ కానివాళ్ళు, ఇతర మతాలవాళ్ళు ఎంతోమంది వచ్చారు. కొందరు గట్టిగా ఏడ్చారు. ఎందుకు ఏడుస్తున్నారో ఒక్కరూ చెప్పలేదు. నాన్న చిన్నప్పుడు చూసిన ఆ అరుగులున్న ఇంటి పెద్దాయన కూడా చేతికర్రతో వచ్చి, చివరిదాకా వానలో నిలబడి, పిడికెడు మట్టి వేసి వెళ్ళిపోయాడు. ఆయన ఎందుకొచ్చాడో నాన్నకి తెలియదు. ఇచ్చినవాడిగా వచ్చాడో, తీసుకున్నవాడిగా వచ్చాడో మాకెవరికీ తెలియదు. ఇక తెలియదు కూడా. తాతయ్య కోశాధికారిగా చేసిన ఆఖరి పని అదేననుకుంటాను, ఆ ఇద్దరి మధ్య తేడా తెలియకుండా చేసి వెళ్ళడం.

పుస్తకాలు మొత్తం పదకొండు. ఎడమ పేజీలో వచ్చినది. పేర్లు, తేదీలు, రూపాయలు, పైసలు. కుడి పేజీలో ఇచ్చినది. బియ్యం 10 కిలోలు, ఒక ఇంటికి. మందులు, ఒక ఇంటికి. నోటుపుస్తకాలు 6, ఒక ఇంటికి. పేజీ తర్వాత పేజీ అదే. అన్ని ఏళ్ళలో ఒక్కచోట కూడా పేరు లేదు. గుంటూరు వెళ్ళొచ్చిన బస్ చార్జీలు మాత్రం ఎక్కడా లేవు. అవి తాతయ్య జేబులోవి.

ఆఖరి పుస్తకంలో వెనక అట్టకి ముందు పేజీలో "రావలసినవి" అని ఒక చిన్న పట్టిక ఉంది. మొత్తం నాలుగు పేర్లు. మూడు కొట్టేసి ఉన్నాయి. నాలుగోది నాది. మొదట నా పూర్తి పేరు, ముందు "శ్రీ", తర్వాత 50. గుణదల, ఫిబ్రవరి 11 అని తేదీ. "మా ఊరాయన" అన్నరోజు. అన్ని ఏళ్ళు ఒక్కసారి కూడా గుర్తు చెయ్యలేదు. కొట్టెయ్యనూ లేదు.

ఇప్పుడు మా హాస్టల్లో మేం కొంతమందిమి నెలకోసారి ఒక దిండు గలీబు తిప్పుతున్నాం. యూపీఐ ఎందుకు కాదని అడుగుతారు. యూపీఐలో పంపినవాడి పేరు కనపడుతుంది, ఎంతో కనపడుతుంది. దిండు గలీబులో ఏమీ కనపడదు. పిడికిలి పెట్టి ఖాళీ చెయ్యి తియ్యాలి. ఈ నెల లేనివాడు కూడా అందరిలాగే కూర్చోవచ్చు. ఎంత వచ్చిందో, ఎంత ఇచ్చామో నోటీస్ బోర్డు మీద పెడతాం. ఎవరికి అన్నది ఇద్దరికే తెలుస్తుంది. ఫస్టియర్ కుర్రాడొకడు మొన్న అడిగాడు, "ఎవరికన్నా?" అని. నా నోటి నుంచి ఏం వచ్చిందో మీరే ఊహించుకోండి.

నవంబర్ 2 సమాధుల పండగ. ఆ సాయంత్రం మా సమాధుల దొడ్డి అంతా కొవ్వొత్తులతో వెలిగిపోతుంది. ఈసారి నేను వెళ్ళాను. నాయనమ్మ కనకాంబరాల దండ తెచ్చి తాతయ్య సిలువకి వేసింది. తర్వాత నేను ఎస్‌వీపీ కొత్త కోశాధికారి దగ్గరికి వెళ్ళి యాభై రూపాయలిచ్చాను. ఆయన నా దగ్గర చదువుకున్న సైన్సు కంటే తాతయ్య దగ్గర చదువుకున్న లెక్కలు ఎక్కువ గౌరవించే మనిషి, వెంటనే రసీదు పుస్తకం తీశాడు.

"ఎవరి పేరున రాయమంటావ్ బాబూ?" అన్నాడు.

"చందాల మాస్టారి మనవడు అని రాయండి" అన్నాను.